పట్టు – విడుపు: ఆయుధ పరీక్షల్లో తన అస్త్రానికే కూలిన యుద్ధవిమానం

వ్యాససంగ్రహం

యుద్ధవిమానం తొలి నమూనాలను పరీక్షించే దశలో జరిగిన ప్రమాదాలలో ఒక వర్గానికి ప్రత్యేకత ఉంది. శత్రువు లేడు, ఎదురుకాల్పులు లేవు, యంత్రం చెడిపోలేదు. విమానం విడిచిన ఆయుధమే తిరిగి విమానాన్ని తాకింది. 1956లో అమెరికాలో గ్రమ్మన్ టైగర్, 1973లో గ్రమ్మన్ ఎఫ్–14 పరీక్షా విమానం ఇలాగే నేలకూలాయి. ఆయుధం విమానాన్ని వీడే క్షణంలో జరిగే భౌతిక ప్రక్రియను, దానిని పరీక్షించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదులో రూపొందిన అస్త్ర క్షిపణి, తేజస్ విమానాల అనుభవాన్ని పరిశీలించి, ఈ విషయాన్ని తెలుగులో చెప్పడానికి కావలసిన పదజాలాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: యుద్ధవిమానం, తొలి నమూనా, ఆయుధ విడుపు, యంత్రముక్తం, ఎఫ్–14, మారుత్, తేజస్, అస్త్ర, సాంకేతిక పదజాలం.

ప్రవేశిక

యుద్ధవిమానం కూలిందన్న వార్త తెలుగు పత్రికలో వచ్చినప్పుడు దాని వెంట దాదాపు ప్రతిసారీ వచ్చే మాట "సాంకేతిక లోపం". ఇంజను ఆగినా, నూనె గొట్టం పగిలినా, పైలట్ అంచనా తప్పినా, ఎవరూ ఊహించని గాలి ప్రవాహం అడ్డుపడినా మనకు అందే మాట అదే. విలేఖరిని తప్పుపట్టనక్కరలేదు. సంఘటన జరిగిన రోజున అధికారులు అంతకు మించి చెప్పరు. అయితే నెలల తరువాత విచారణ ముగిసి అసలు కారణం తేలినప్పుడు ఆ వార్త తెలుగులోకి రాదు. ఆ విధంగా తెలుగు పాఠకుని దృష్టిలో ప్రమాదాలన్నీ ఒకే రంగులో మిగిలిపోతాయి.

ఈ ఒకే మాట ఎంత కప్పిపెడుతుందో ఎఫ్–14 చరిత్ర చూస్తే తెలుస్తుంది. అమెరికా నౌకాదళం కోసం గ్రమ్మన్ సంస్థ ఈ విమానాన్ని రూపొందించి, మొదటి విడతలో 12 పరీక్షా విమానాలను నిర్మించింది. తొలి విమానం 1970 డిసెంబరు 21న ఎగిరింది. డిసెంబరు 30న, రెండవసారి ఎగిరినప్పుడే, ద్రవపీడన వ్యవస్థలు విఫలమై కూలింది. అందులోని పరీక్షా పైలట్లు రాబర్ట్ స్మైత్, విలియం మిల్లర్ బయటికి దూకి ప్రాణాలు దక్కించుకున్నారు. అదే మిల్లర్ 1972 జూన్ 30న వైమానిక ప్రదర్శన కోసం సాధన చేస్తూ మరొక ఎఫ్–14తో సహా నీటిలో కూలి మరణించాడు. 1973 జూన్ 20న ఇంకొకటి తన క్షిపణి తననే తాకడం వల్ల పోయింది. మూడూ ఒకే రకం విమానాలు, ముగ్గురు దర్యాప్తుదారులు రాయగల నివేదికలు మాత్రం పూర్తిగా వేరు. మొదటిది యంత్రభాగానికి చెందినది. రెండవది ప్రదర్శన విన్యాసానికి చెందినది. మూడవ దానిలో విమానమూ చెడలేదు, క్షిపణీ చెడలేదు. ఆ రెండూ విడిపోయిన తీరు చెడింది. ఈ వ్యాసానికి విషయం ఆ మూడవది.

పట్టు, విడుపు

ఆయుధాన్ని విమానం మోసుకుపోవడం ఒక సమస్య, వదలడం మరొక సమస్య. మోసేటప్పుడు విమానమూ ఆయుధమూ ఒకే శరీరం. వదిలిన మరుక్షణం రెండు శరీరాలు. ఆ రెంటి మధ్యా కొద్ది అడుగుల ఎడం, ఆ ఎడంలో ప్రచండమైన గాలి. తెలుగులో పట్టువిడుపులు అన్న జంటపదాన్ని మనం మనుషుల స్వభావానికి వాడుతున్నాం. ఆయుధ పరీక్షకులు అక్షరాలా ఆ రెండు దశలనే వేరువేరుగా పరీక్షిస్తారు.

వడిసెల విసిరినవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనవసరం లేదు. వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేటల మెట్ట చేలలో జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో మంచె మీద నిలబడి పిట్టలను తోలేవారి చేతిలో ఉండే సాధనం అది. రెండు తాళ్లు, నడుమ రాయి పెట్టే తట్టు. ఒక తాడు కొస వేలికి తగిలించి, రెండవదానిని పట్టుకుని, గిరగిర తిప్పి ఆ రెండవ తాడును విడుస్తారు. రాయి ఎంత వేగంగా పోవాలో తిప్పే చేతిలో ఉంటుంది. ఎటు పోవాలో విడిచే క్షణంలో ఉంటుంది. అరక్షణం ముందో వెనకో విడిస్తే రాయి పక్కవాడి చేలో పడవచ్చు, విసిరినవాడి నెత్తినే పడవచ్చు. లోపం రాతిలో లేదు, తాటిలో లేదు, విడుపులో ఉంది.

మన ప్రాచీన శాస్త్రకారులు ఆయుధాలను వర్గీకరించినప్పుడు ఈ విడుపునే ప్రమాణంగా తీసుకున్నారన్నది గమనించదగిన విషయం. అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగం ఆయుధాలను యంత్రముక్తం, పాణిముక్తం, ముక్తసంధారితం, అముక్తం, బాహుయుద్ధం అని అయిదు విధాలుగా విభజించింది. యంత్రం నుంచి వెలువడేది యంత్రముక్తం, చేతితో విసిరేది పాణిముక్తం, విసిరి తిరిగి గ్రహించేది ముక్తసంధారితం, విడవకుండా వాడేది అముక్తం. పదును, బరువు, లోహం ఆధారంగా కాక, చేతిని ఎలా వీడుతుంది అన్నదాని ఆధారంగా చేసిన విభాగమిది. ప్రాచీనులకు క్షిపణులు తెలుసునని చెప్పడానికి దీనిని వాడుకునేవారున్నారు. ఆ వాదంతో ఈ వ్యాసానికి సంబంధం లేదు. మనకు కావలసినది ఆ వర్గీకరణలోని చూపు మాత్రమే.

ఆ చూపుకు కథారూపం ద్రోణపర్వంలోని శ్రుతాయుధుని వృత్తాంతం. వరుణుడికీ పర్ణాశ నదికీ పుట్టిన శ్రుతాయుధునికి తండ్రి ఒక గద ఇచ్చాడు. అది చేతిలో ఉన్నంతకాలం అతడు అజేయుడు. అయితే యుద్ధం చేయనివానిపై విసిరితే విసిరినవాని మీదికే తిరిగి వస్తుందన్నది నియమం. అర్జునునితో పోరుతూ అతడు ఆ గదను సారథి అయిన కృష్ణునిపై విసిరాడు. కృష్ణుడు ఆయుధం పట్టలేదు. గద వెనుదిరిగి శ్రుతాయుధుణ్ణి చంపింది. ఇక్కడ నియమం ధర్మానికి చెందినది. యంత్రముక్తమైన ఆధునిక అస్త్రానికీ నియమాలున్నాయి, అవి వేగానికీ ఎత్తుకూ గురుత్వ భారానికీ చెందినవి. శ్రుతాయుధునికి ఆ నియమం ముందే తెలుసు. పరీక్షా పైలట్‌కు తెలియదు. దానిని కనుక్కోవడమే అతని ఉద్యోగం.

తన గుళ్లనే అందుకున్న విమానం

1956 సెప్టెంబరు 21న గ్రమ్మన్ పరీక్షా పైలట్ టామ్ ఆట్రిడ్జ్ ఎఫ్11ఎఫ్–1 టైగర్ విమానంలో న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్ తీరాన సముద్రంపైకి వెళ్లాడు. పని 20 మిల్లీమీటర్ల ఫిరంగులను అతివేగంలో పేల్చి చూడడం. సుమారు 20 వేల అడుగుల ఎత్తు నుంచి విమానాన్ని కిందికి దించుతూ 13 వేల అడుగుల దగ్గర నాలుగు సెకన్ల పాటు కాల్చాడు. తరువాత మరింత వాలుగా దిగుతూ 7 వేల అడుగుల దగ్గర మిగిలిన గుళ్లను కూడా కాల్చివేశాడు. అంతలో ముందరి అద్దం లోపలికి నొక్కుకుపోయింది. పక్షి తగిలిందని అతడు అనుకున్నాడు. వెనుదిరిగి స్థావరం వైపు వస్తుండగా ఇంజను శక్తిని 78 శాతానికి మించి పెంచితే గరగరమని శబ్దం వస్తోంది. చివరికి ఇంజను ఆగిపోయి, రన్‌వేకు మైలు లోపు దూరంలో చెట్ల మధ్య విమానం కూలింది. ఆట్రిడ్జ్‌కు కాలూ వెన్నుపూసలూ విరిగాయి, ప్రాణం దక్కింది. ఆరునెలల లోపే తిరిగి ఎగిరాడు.

విమానాన్ని విప్పి చూసినప్పుడు దొరికినది పక్షి ఈక కాదు, 20 మిల్లీమీటర్ల గుండు. మూడు చోట్ల దెబ్బలు తగిలాయి. అన్నీ తన మొదటి విడత గుళ్లే.

ఇది ఎలా సాధ్యమన్న ప్రశ్నకు సమాధానం ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రానికి మించినది కాదు. ఫిరంగిని వీడిన గుండుకు విమానపు వేగం అదనంగా కలుస్తుంది, కనుక మొదట అది విమానం కంటే ఎంతో ముందుంటుంది. అయితే గుండుకు ఇంజను లేదు. గాలి నిరోధం వల్ల ప్రతిక్షణం నెమ్మదిస్తూ, భూమ్యాకర్షణ వల్ల వంపు తిరిగి కిందికి పోతుంది. విమానానికి ఇంజను ఉంది, అది వేగాన్ని నిలబెట్టుకుంటుంది. పైగా పైలట్ తన వాలును పెంచి గుళ్ల కంటే దగ్గరిదారిలో దిగాడు. రెండు దారులూ ఒక బిందువులో కలిశాయి. కాల్చిన దాదాపు 11 సెకన్లకు అతడు తన గుళ్లను అందుకున్నాడు. వెనుకటి నెమ్మదైన విమానాలు తాము విడిచిన గుండును ఎన్నడూ అందుకోలేదు, కనుక ఈ ప్రశ్న వాటికి తలెత్తలేదు. విమానం ధ్వనివేగాన్ని దాటిన తరంలో, తన ముందున్న గాలిలో తన ఆయుధమే అడ్డుగా ఉండవచ్చునన్న కొత్త సత్యం పుట్టింది.

పసిఫిక్ మీద 1973 జూన్ 20

టైగర్ ఉదంతంలో కొంత వింత ఉంది, అందుకే అది ప్రసిద్ధమైంది. శాస్త్రదృష్టితో చూస్తే ఎఫ్–14 ఉదంతం మరింత లోతైనది.

ఎఫ్–14 పొట్ట అడుగున స్పారో క్షిపణులను సగం లోపలికి దిగేటట్టు అమర్చేవారు. గాలి నిరోధం తగ్గించడానికి ఈ ఏర్పాటు. స్పారో పొడవు సుమారు 12 అడుగులు, బరువు సుమారు 200 కిలోలు. ఇంత పెద్ద వస్తువును విమానపు పొట్టకు అంటి ఉండగానే మండిస్తే దాని మంట విమానాన్నే కాలుస్తుంది. అందుకని చిన్న పేలుడు గుళిక పుట్టించే వాయువుతో రెండు లోహపు పాదాలు క్షిపణిని కిందికి తోస్తాయి. అది కొంత దూరం జరిగాక దాని మోటారు అంటుకుంటుంది. రెక్క కొనన ఉండే చిన్న క్షిపణుల సంగతి వేరు. అవి పట్టా మీద నుంచి రైలుబండిలాగా ముందుకు జారిపోతాయి. పొట్ట అడుగుది మాత్రం ముందు పడాలి, తరువాత పోవాలి.

ఆ రోజు కాలిఫోర్నియాలోని పాయింట్ ముగూ పరీక్షా క్షేత్రం నుంచి గ్రమ్మన్ పైలట్ పీట్ పర్విస్, వెనుక సీటులో బిల్ షెర్మన్ పసిఫిక్ సముద్రంపైకి వెళ్లారు. 5 వేల అడుగుల ఎత్తులో, ధ్వనివేగంలో 95 శాతం వేగంతో, భారశూన్య స్థితిలో స్పారోను విడవాలన్నది ఆనాటి పరీక్ష.

ఈ మూడు సంఖ్యలను ఒకదాని పక్కన ఒకటి ఉంచి చూడాలి. తక్కువ ఎత్తు అంటే దట్టమైన గాలి. దట్టమైన గాలిలో అంత వేగం అంటే క్షిపణి మీద పడే ఒత్తిడి అపారం. భారశూన్య స్థితి అన్నిటికంటే కీలకం. పైలట్ విమానం ముక్కును మెల్లగా కిందికి వంచి ఒక ప్రత్యేకమైన వక్రంలో నడిపితే, లోపలి వస్తువులన్నీ విమానంతో సమానంగా కిందికి పడుతుంటాయి. మామూలుగా ఎగిరే విమానం నుంచి క్షిపణిని విడిస్తే భూమ్యాకర్షణ దానిని కిందికి లాగి విమానం నుంచి దూరం చేస్తుంది. భారశూన్య స్థితిలో విమానమూ క్షిపణీ కలిసే పడుతున్నాయి. ఆకర్షణ ఎవరికీ సాయం చేయదు. విడదీసే శక్తి ఆ రెండు లోహపు పాదాల తోపుడు ఒక్కటే. యుద్ధంలో పైలట్ ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి స్థితిలో మీట నొక్కుతాడు. కనుక పరీక్షలో ముందుగా ఎవరో ఒకరు నొక్కి చూడాలి.

పర్విస్ నొక్కాడు. పాదాలు తోశాయి. క్షిపణి విమానాన్ని వీడింది. అయితే కిందికి పోవలసినది ముక్కు పైకెత్తింది. ముక్కు పైకెత్తిన క్షిపణి గాలిలో చిన్న రెక్క వంటిది. ఆ వేగంలో అది పైకి లేవక తప్పదు, పైన ఉన్నది విమానపు పొట్ట. తాకిడికి ఇంధనపు తొట్టి చిట్లి మంటలు లేచాయి. విమానం ముక్కు అదుపు లేకుండా పైకి లేచింది. ఇద్దరూ ఎజెక్షన్ సీట్ల సహాయంతో బయటపడి సముద్రంలో దిగారు. హెలికాప్టర్ వారిని కాపాడింది. విమానం నీటిలో కలిసింది.

ఈ ఘటనను ఎవరి తప్పుగా రాయాలి? పైలట్ చెప్పిన వేగంలో, చెప్పిన ఎత్తులో, చెప్పిన విధంగా విడిచాడు. పాదాలు పనిచేశాయి. గాలిసొరంగంలో చేసిన పరీక్షలు ముందే ఉన్నాయి. లోపమన్నది ఏ వస్తువులోనూ లేదు. గాలిసొరంగపు అంచనాకూ ఆకాశపు వాస్తవానికీ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. విమానపు పొట్టకూ క్షిపణికీ నడుమ ఇరుకున గాలి ప్రవహించే తీరు, ధ్వనివేగాన్ని సమీపించినప్పుడు అక్కడక్కడా పుట్టే ఆఘాత తరంగాలు, ముందు భాగంలో ఒక ఒత్తిడి, వెనుక భాగంలో మరొక ఒత్తిడి కలిసి ఆయుధాన్ని ఎటు తిప్పుతాయో 1973 నాటి గణనలు పూర్తిగా పట్టుకోలేకపోయాయి. ఎఫ్–14 ఆ తరువాత సైన్యంలో చేరి, పొట్ట అడుగున స్పారోలనే మోస్తూ 2006 దాకా అమెరికా నౌకాదళంలో పనిచేసింది.

మరొక ఉదంతం, మరణంతో ముగిసినది, క్లుప్తంగా చెప్పాలి. లాక్‌హీడ్ సంస్థ ఎం–21 అనే విమానం వీపు మీద డి–21 అనే పైలట్ లేని విమానాన్ని ఎక్కించి, ధ్వనికి మూడు రెట్లు మించిన వేగంలో విడిచే ప్రయోగాలు చేసింది. మొదటి మూడుసార్లు తల్లి విమానం కొద్దిగా వక్రంలో దిగుతూ విడిచింది, సవ్యంగా జరిగింది. 1966 జూలై 30న నాలుగవసారి సమతలంగా ఎగురుతూ విడవాలని చూశారు. పిల్ల విమానం తల్లి వీపునే ఢీకొంది. పైలట్ బిల్ పార్క్ బతికాడు. ప్రయోగకర్త రే టోరిక్ సముద్రంలో మునిగి మరణించాడు. విడిచే పద్ధతిలో ఒక్క మార్పు, అంతే.

పరీక్ష జరిగే క్రమం

ఇటువంటి అనుభవాల నుంచి విడుపు పరీక్ష అన్నది స్వతంత్ర శాస్త్రంగా పెరిగింది. మొదట గాలిసొరంగం. అందులో విమానపు చిన్న నమూనా ఒక కడ్డీ మీద, ఆయుధపు చిన్న నమూనా కంప్యూటర్ అదుపులో ఉండే మరొక కడ్డీ మీద ఉంటాయి. ఆయుధం మీద గాలి ఎంత ఒత్తిడి పెడుతోందో కొలిచి, అది తరువాతి క్షణంలో ఎక్కడికి జరుగుతుందో లెక్కవేసి, కడ్డీ దానిని అక్కడికి జరుపుతుంది. ఒక్కొక్క అడుగే కదులుతూ మొత్తం దారి గీయబడుతుంది. దీనితో పాటు గణనశాస్త్ర పద్ధతిలో గాలి ప్రవాహాన్ని లెక్కకట్టడం ఉంటుంది. తరువాత నేల మీద నిలిపిన విమానం నుంచి గుంటలోకి ఆయుధాన్ని తోసి, తోపుడు శక్తిని కొలుస్తారు. ఆ పిదప ఆకాశంలో పట్టు పరీక్షలు. ఆయుధాన్ని మోసుకుని తిరగడమే, విడవడం ఉండదు. రెక్క ఎంత కంపిస్తోంది, ఆయుధపు తొడుగు ఎంత వేడెక్కుతోంది వంటివి చూస్తారు.

చివరకు విడుపు. దానిలోనూ సురక్షితమనిపించే చోట మొదలుపెట్టి అంచుల వైపు జరుగుతారు. నిదానమైన వేగం, సాధారణ భారం, తగినంత ఎత్తు. ఫలితం అంచనాతో సరిపోతేనే తరువాతి బిందువు. రెక్కల అడుగునా తోక దగ్గరా అతివేగ కెమెరాలు ఉంటాయి. పక్కన మరొక విమానం తోడుగా ఎగురుతూ చిత్రిస్తుంది. నేల మీద కూర్చున్నవారికి ప్రతి సంఖ్యా రేడియో ద్వారా అందుతుంది. ఎక్కడివరకు విడవవచ్చో, ఎక్కడ విడవరాదో ఇలా ఒక్కొక్క బిందువుగా గీసిన హద్దునే పైలట్ చేతి పుస్తకంలో ముద్రిస్తారు. వరుణుడు శ్రుతాయుధునికి నోటితో చెప్పిన నియమాన్ని ఇక్కడ వందల ఎగురుడుల తరువాత రాస్తారు. పరీక్షా విమానం పోగొట్టుకోవడం ఆ హద్దును దాటి చూసినప్పుడు చెల్లించిన మూల్యం. సైన్యంలో చేరిన తరువాత అదే క్షిపణి అదే విధంగా తాకి ఉంటే మూల్యం ఎన్ని విమానాలో ఊహించవచ్చు.

మారుత్ నుంచి తేజస్ దాకా

భారతదేశం సొంతంగా రూపొందించిన తొలి జెట్ యుద్ధవిమానం హెచ్‌ఎఫ్–24 మారుత్. 1956లో భారతదేశానికి వచ్చిన జర్మన్ రూపకర్త కుర్ట్ టాంక్ నేతృత్వంలో బెంగళూరులోని హిందుస్థాన్ సంస్థ దీనిని నిర్మించింది. 1961 జూన్‌లో సురంజన్ దాస్ తొలిసారి ఎగిరించాడు. దాని ముక్కులో నాలుగు 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు. నాలుగింటినీ ఒకేసారి పేల్చినప్పుడు విమానంపై పడే కుదుపు ఆ విమానాన్ని చాలాకాలం వెంటాడిన సమస్య. ఆయుధపు విడుపు అంటే క్షిపణి మాత్రమే కాదని, గుండు వెనక్కి తన్నే తన్ను కూడా అందులో భాగమేనని మారుత్ చెబుతుంది. మొత్తం 147 మారుత్‌లు తయారయ్యాయి. మరింత శక్తిమంతమైన ఇంజను ఏర్పాటును పరీక్షిస్తున్న తొలి నమూనాలో 1970 జనవరి 10న సురంజన్ దాస్ ప్రాణాలు కోల్పోయాడు. అది ఆయుధ పరీక్ష కాదు. అయినా ఆ మరణంతో పాటు దేశం ఆ విమానాన్ని గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని పోగొట్టుకుంది. పరీక్షా విమానం పోవడమంటే లోహం పోవడం మాత్రమే కాదు.

ఆ తరువాతి తరం తేజస్. దానికి కార్యక్రమ సంచాలకుడు ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన కోట హరినారాయణ. తరువాతి కాలంలో ఆయన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా కూడా పనిచేశారు. 2001 జనవరి 4న తేజస్ తొలిసారి ఎగిరింది. 2007 అక్టోబరు 25న గోవా తీరాన తొలిసారి ఆర్–73 క్షిపణిని విడిచింది. తొలి ఎగురుడుకూ తొలి క్షిపణికీ మధ్య ఆరేళ్లకు పైగా గడిచాయి. ఈ ఆలస్యాన్ని పత్రికలు ఎన్నోసార్లు ఎత్తిపొడిచాయి. ఆలస్యానికి వేరే కారణాలూ ఉన్నాయి, వాటిని సమర్థించనక్కరలేదు. అయితే ఒక్కొక్క బిందువుగా హద్దును గీయడం ఎంత నెమ్మదైన పనో తెలిసినవారు ఆ విమర్శను కొంత ఆచితూచి చేస్తారు. 2024 మార్చి 12న జైసల్మేర్ దగ్గర ఒక తేజస్ కూలేదాకా, 23 ఏళ్లలో, పరీక్షల్లో గాని సైనిక సేవలో గాని ఒక్క తేజస్ కూడా కూలలేదు. జైసల్మేర్‌లో కూలినది వాయుసేన వాడుతున్న విమానం, తొలి నమూనా కాదు. పైలట్ క్షేమంగా బయటపడ్డాడు.

అస్త్ర క్షిపణి కథ మనకు మరింత దగ్గరిది. దానిని రూపొందించినది హైదరాబాదులోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల. తయారీ హైదరాబాదు కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్‌ది. ఆ సంస్థతో 2022 మే 31న 2,971 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. అస్త్రను 2003లో మొదట చాందీపూర్‌లో నేల మీది నుంచి పేల్చారు. గాలిలో విమానం నుంచి తొలిసారి విడిచినది 2014 మేలో, సుఖోయ్–30 నుంచి. నేల నుంచి ఆకాశానికి పదకొండేళ్లు. 2023 ఆగస్టు 23న గోవా తీరాన సుమారు 20 వేల అడుగుల ఎత్తులో తేజస్ నుంచి దానిని విడిచినప్పుడు, రెండు సీట్ల తేజస్ ఒకటి తోడుగా ఎగురుతూ ఆ విడుపును గమనించింది. మన పత్రికలు "అస్త్ర ప్రయోగం విజయవంతం" అని రాశాయి. ఆ రోజు పరీక్షలో అసలు ప్రశ్న గురిని తాకిందా అన్నది కాదు, విమానాన్ని సురక్షితంగా వీడిందా అన్నది. ఆ తేడా మన వార్తలలో కనిపించలేదు.

మాటల కొరత

ఇక్కడ భాషా విద్యార్థికి పని ఉంది. తెలుగులో ఈ విషయం మీద రాసేవారు తరచుగా ప్రయోగం, పరీక్ష, పేల్చడం అన్న మూడు మాటలతో సరిపెడతారు. ఉపగ్రహానికీ క్షిపణికీ రసాయనశాలకూ ప్రయోగమే. విమానం నుంచి ఆయుధం వీడిపోవడాన్ని కొందరు వియోగం అన్నారు, మరికొందరు విచ్ఛేదనం అన్నారు. మొదటిది విరహాన్ని, రెండవది శస్త్రచికిత్సను గుర్తుకు తెస్తాయి. విడుపు అన్న మాట తెలుగుకు కొత్త కాదు, వడిసెల పట్టిన రైతుకూ అర్థమవుతుంది. పట్టు పరీక్ష, విడుపు పరీక్ష, విడుపు హద్దు అన్న పదబంధాలను ఈ వ్యాసంలో అందుకే వాడాను. యంత్రముక్తం అన్న పాతమాట శాస్త్రగ్రంథాలకు పనికివస్తుంది, దినపత్రికకు బరువవుతుంది. తొలి నమూనా అన్నది ప్రోటోటైప్‌కు చక్కగా సరిపోయింది. ఎజెక్షన్ సీటును అనువదించడానికి చేసిన ప్రయత్నాలేవీ నాకు సంతృప్తినివ్వలేదు, దానిని అలాగే ఉంచడం మేలు.

ప్రమాదాల విషయంలో "సాంకేతిక లోపం" స్థానంలో ఒకే పెద్దమాటను తేవడం నా ఉద్దేశం కాదు. కనీసం యంత్రభాగ వైఫల్యం, నిర్వహణ పొరపాటు, అంచనాకు అందని ఫలితం అని మూడుగా చెప్పగలిగితే చాలు. ఎఫ్–14 మూడు నష్టాలూ ఆ మూడు గదుల్లోకి విడివిడిగా వెళ్తాయి. మూడవ గదిలో పడినదానికి నిందించదగిన మనిషి ఉండడు. ఆ గది మన భాషలో లేకపోతే ప్రతి నష్టానికీ ఎవరో ఒకరిని వెతుకుతాం, లేదా ఎవరినీ అడగకుండా ఊరుకుంటాం.

ఇది దూరదేశపు చర్చ కాదు. 2025 జూలైలో కర్నూలు సమీపంలోని పరీక్షా క్షేత్రంలో డ్రోన్ నుంచి క్షిపణిని విడిచి చూశారు. పైలట్ లేకపోయినా విడుపు సమస్య అక్కడా ఉన్నదే. డ్రోన్ తేలికైనది, క్షిపణి వీడగానే దాని బరువు తూకం మారిపోతుంది. అంతకు కొద్ది నెలల ముందు, 2025 మే 2న, నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. మెట్టన నందిగామ, జగ్గయ్యపేట ఒక కొసన, సముద్రం ఒడ్డున నాగాయలంక మరొక కొసన, నిన్నమొన్నటి దాకా ఇవన్నీ ఒకే కృష్ణా జిల్లా. పరీక్షా కేంద్రం ఉన్నచోట కొన్ని రోజులు సముద్రంలోకి పడవలు వెళ్లరాదన్న ప్రకటనలు వస్తాయి. కొన్ని పరీక్షలు అనుకున్నట్లు జరగవు. ఆ రోజు వేటకు పోలేక ఒడ్డున కూర్చున్న జాలరి చేతిలోని పత్రికలో ఏమి జరిగిందో రాసి ఉండేది తెలుగులోనే.